హామ్ రేడియో టవరు: మాస్టు ఎంపిక, బిగింపు

1999 ఒడిశా మహాతుపానులో టెలిఫోన్లు మూగబోయినప్పుడు కబురు చేరవేసినవారిలో హామ్ రేడియోవారు ఉన్నారు. అట్టి వేళ యాంటెన్నా నిలిచి ఉండాలంటే దానిని మోసే గొట్టం, అనగా మాస్టు, గట్టిదై ఉండవలెను.

టవరుకు ధారాళంగా ఖర్చు పెట్టి, మాస్టుకు మాత్రం ఇంట మిగిలిన నీళ్ళ పైపు వాడేవారు కలరు. ఆ పైపు లోపలి నీటి ఒత్తిడికి చేసినది, పక్కగాలికి కాదు. యాంటెన్నా బరువుకన్న గాలి తోపుడే అసలు భారం. గంటకు 72 కిలోమీటర్ల గాలి చదరపు మీటరుపై సుమారు 25 కిలోల బరువంత బలంతో నెడుతుంది. వేగం 144 అయితే ఆ బలం రెట్టింపు కాదు, నాలుగింతలై సుమారు 100 కిలోలకు చేరుతుంది.

మాస్టు సాధారణంగా టవరు పైఅంచు వద్దనే వంగుతుంది. యాంటెన్నాను అంచుకు ఒక మీటరు ఎత్తున కాక రెండు మీటర్ల ఎత్తున బిగిస్తే వంచే బలం రెట్టింపవుతుంది. కనుక వీలైనంత దిగువనే బిగించి, దళసరి ఉక్కు గొట్టం ఎంచుకోవలెను. అంచున బేరింగు అమర్చి, తిప్పే రొటేటరును టవరు లోపల బాగా క్రిందుగా ఉంచితే దానిపై పక్కతోపుడు తగ్గుతుంది.

ఎక్కించే ముందు కరెంటు తీగలను చూడవలెను. టవరు, మాస్టు కలిపి ఎంత పొడవో, తీగ అంతకన్న దూరాన ఉండాలి. ఇందులో ‘ఫరవాలేదు’ అనే మేస్త్రీని పనికి పిలువరాదు.