బందరు కంపెనీ నుంచి బ్రోకరు దాకా

1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన బందరును ఊడ్చేసింది. ఊరూ చుట్టుపక్కలా కలిపి ముప్పై వేల మంది పోయారని అంచనా. ఏరూ సముద్రమూ చెరోవైపు నుంచి మీదపడే సీమకు బీమా ఎందుకో ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. ఆ బందరులోనే 1923లో ఆంధ్రా బ్యాంకు పెట్టిన డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్య, 1925లో ఆంధ్ర ఇన్సూరెన్స్ కంపెనీనీ నిలబెట్టారు. స్వదేశీ పట్టుదల ఉన్న ఆ తరానికి బ్యాంకు ఎంత ముఖ్యమో బీమా కంపెనీ అంత ముఖ్యం.

1956లో జీవిత బీమా జాతీయమైంది. 245 సంస్థలను కలిపేసి సెప్టెంబరు 1న ఎల్‌ఐసీని ఏర్పరిచారు. అప్పటినుంచి కృష్ణా డెల్టా పల్లెల్లో బీమా అంటే ఏజెంటే. బంధువో, ఊళ్లో తెలిసినవాడో అయి ఉంటాడు. పంట డబ్బు చేతికొచ్చిన వేళ చూసి ప్రీమియం గుర్తుచేసేది ఆయనే, ఇంట్లో మనిషి పోతే క్లెయిము కాగితాలు రాసిపెట్టేదీ ఆయనే. ఆ ఆప్యాయత తక్కువదేం కాదు. కానీ చట్టం ప్రకారం ఆయన కంపెనీ మనిషి.

1973లో సాధారణ బీమా కూడా నాలుగు ప్రభుత్వ కంపెనీల చేతికి వెళ్లింది. బెజవాడ ఆటోనగర్ లారీలకు థర్డ్ పార్టీ బీమా చట్టరీత్యా తప్పనిసరి. అలా చాలామందికి బీమా అనేది చెక్‌పోస్టు దగ్గర చూపించే కాగితంగానే మిగిలింది. అందులో ఏముందో చదివి చెప్పే మనిషి లేడు.

ఆ మనిషికి చట్టంలో చోటు దొరకడానికి చాలా కాలం పట్టింది. 1994లో బీమా సంస్కరణలపై మల్హోత్రా కమిటీ నివేదిక వచ్చింది, 1999లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏ (ఇప్పటి ఐఆర్‌డీఏఐ) చట్టం వచ్చింది, 2002లో బ్రోకర్ల నిబంధనలు వచ్చాయి. ఏజెంటు కంపెనీ తరఫువాడైతే బ్రోకరు పాలసీదారు తరఫువాడు. పలు కంపెనీల పాలసీలు పోల్చి చూపాలి, క్లెయిములో తోడుండాలి. తన పొరపాటువల్ల ఖాతాదారుకు నష్టం జరిగితే భరించడానికి తానూ బీమా తీసుకుని ఉండాలి. అయితే కమీషను మాత్రం కంపెనీయే ఇస్తుంది. నా దృష్టిలో ఈ ఏర్పాటులోని బలహీనత అదే.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు బెజవాడ సింగ్‌నగర్‌ను ముంచినప్పుడు బ్రోకరు అవసరమేమిటో బాగా తెలిసొచ్చింది. నీళ్లలో నానిన బండిని ఆత్రపడి స్టార్ట్ చేస్తే ఇంజను పట్టేస్తుంది. ‘ఇంజన్ ప్రొటెక్ట్’ అనే అదనపు రక్షణ లేని మామూలు పాలసీలో ఆ నష్టానికి డబ్బు రావడం కష్టం. దుకాణాల లెక్క ఇంకా కఠినం. 20 లక్షల సరుకుకు 10 లక్షలకే బీమా చేసినవాడికి 4 లక్షల నష్టం వస్తే, అదే నిష్పత్తిలో చేతికొచ్చేది దాదాపు 2 లక్షలే. ప్రీమియం తగ్గించుకుందామని విలువ తక్కువ రాయించినవాళ్లకు ఈ సంగతి పాలసీ తీసుకున్న రోజే ఎవరైనా చెప్పి ఉండాల్సింది.

అందుకే బ్రోకరును వెతికేటప్పుడు ముందు ఐఆర్‌డీఏఐ రిజిస్ట్రేషన్ నంబరు, అది చెల్లుబాటులో ఉందా లేదా అన్నది చూడాలి. తర్వాత, గతంలో వరద క్లెయిములు ఎలా నడిపించారో అడగాలి. ప్రీమియం ఎంత తగ్గుతుందన్న ప్రశ్న ఆ తర్వాతే. పని అప్పగిస్తూ ఇచ్చే కాగితంలో ఏ ఆస్తికి, ఎంత విలువకు, ఏయే ప్రమాదాలకు అన్నది స్పష్టంగా రాయించుకోవాలి. 2021 నుంచి బ్రోకర్ల సేవాలోపాలు కూడా బీమా అంబుడ్స్‌మన్ పరిధిలోకి వచ్చాయి. మన డెల్టా జిల్లాలవాళ్లు హైదరాబాద్‌లోని ఆ కార్యాలయానికి ఫీజేమీ లేకుండా ఫిర్యాదు చేసుకోవచ్చు.