కారు ఏసీ కంప్రెసర్ లోపాల నిర్ధారణ

కారులో ఏసీ సరిగా చల్లబరచనప్పుడు లోపం కంప్రెసర్‌లోనే ఉందా, దాని చుట్టూ ఉన్న భాగాల్లో ఉందా అని పరీక్షలతో తేల్చుకోవడమే కంప్రెసర్ లోప నిర్ధారణ. ఏసీ వ్యవస్థలోని ఖరీదైన భాగాల్లో కంప్రెసర్ ముందుంటుంది. అయినా గ్యారేజీల్లో ‘కంప్రెసర్ పోయింది’ అనే మాట చాలా తేలిగ్గా వినిపిస్తుంది. తీరా చూస్తే ఫ్యూజో, రిలేనో, క్లచ్ కాయిలో, తిరగని కండెన్సర్ ఫ్యానో, కారిపోయిన గ్యాసో అసలు కారణమై ఉంటుంది. కంప్రెసర్ నిజంగానే పోయిన సందర్భాల్లో మరో పొరపాటు జరుగుతుంది. అది ఎందుకు పోయిందో చూడకుండా కొత్తది బిగిస్తారు, కొన్నాళ్లకు కొత్తదీ అలాగే పోతుంది.

పనితీరు

బెల్టు ద్వారా ఇంజిన్ తిప్పే పంపే కంప్రెసర్. డ్యాష్‌బోర్డు లోపల ఉండే ఎవాపరేటర్‌ను మన మెకానిక్‌లు కూలింగ్ కాయిల్ అంటారు. అక్కడి నుంచి వచ్చే తక్కువ ఒత్తిడి ఆవిరిని కంప్రెసర్ పీల్చుకుని, నొక్కి, రేడియేటర్ ముందున్న కండెన్సర్‌లోకి పంపుతుంది. కండెన్సర్‌లో గ్యాస్ తన వేడిని బయటి గాలికి వదిలి ద్రవంగా మారుతుంది. తేమను పట్టి ఉంచే డ్రయర్‌ను దాటి, ఎక్స్‌పాన్షన్ వాల్వ్‌లోని సన్నని దారిలోంచి కూలింగ్ కాయిల్‌లోకి దూకుతుంది. అక్కడ ఒత్తిడి ఒక్కసారిగా పడిపోవడంతో మళ్లీ ఆవిరవుతూ క్యాబిన్‌లోని వేడిని లాక్కుంటుంది.

నిర్ధారణకు అన్నిటికన్నా ముఖ్యమైన విషయం నూనె. కారు ఏసీ కంప్రెసర్‌కు కావలసిన నూనెలో పెద్ద భాగం గ్యాసుతో కలిసి వలయమంతా తిరిగి మళ్లీ కంప్రెసర్‌కు చేరుతుంది. గ్యాస్ తగ్గిపోతే చల్లదనంతో పాటు ఈ నూనె రాకపోక కూడా దెబ్బతింటుంది. లీకును పట్టించుకోకుండా నెలల తరబడి నడిపిన కార్లలో కంప్రెసర్ అరిగి బిగుసుకుపోవడానికి మూలం ఇదే.

ఇక కంప్రెసర్‌ను అవసరమైనప్పుడే తిప్పే క్లచ్ సంగతి. కార్ల తయారీదారుల్లో ఏసీని మొదట అందించింది అమెరికాకు చెందిన ప్యాకార్డ్ సంస్థ, 1940 మోడల్ కార్లలో. ఆ కంప్రెసర్‌కు క్లచ్ లేదు. ఏసీ వద్దనుకుంటే బండి ఆపి, బానెట్ ఎత్తి, బెల్టు తీసేయాల్సి వచ్చేది. తర్వాత వచ్చిన విద్యుదయస్కాంత క్లచ్ ఆ ఇబ్బందిని తీర్చింది. స్విచ్ వేయగానే కాయిల్‌కు 12 వోల్టుల కరెంటు అందుతుంది, ముందున్న పలక పుల్లీకి అతుక్కుంటుంది, కంప్రెసర్ తిరుగుతుంది. కొత్త తరం కార్లలో చాలావాటికి మళ్లీ క్లచ్ లేకుండా పోయింది. వాటిలో పుల్లీతో పాటు కంప్రెసర్ ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది. లోపలి పళ్లెం ఎంత వాలితే పిస్టన్లు అంత ఎక్కువ దూరం కదులుతాయి, ఆ వాలును ఒక కంట్రోల్ వాల్వ్ నిర్ణయిస్తుంది. ఇలాంటి బండి బానెట్ ఎత్తి ‘క్లచ్ పట్టడం లేదు’ అని తీర్పు చెప్పడం అర్థం లేని పని. అందుకే పరీక్ష మొదలుపెట్టే ముందు ఆ బండిలో ఉన్నది ఏ రకం కంప్రెసరో తెలుసుకోవాలి.

క్లచ్, కరెంటు

క్లచ్ ఉన్న కార్లలో మొదటి పరీక్షకు కళ్లు, చెవులు చాలు. ఇంజిన్ నడుస్తుండగా ఏసీ వేస్తే ‘టక్’మని శబ్దం రావాలి, పుల్లీ ముందున్న పలక తిరగాలి. తిరగకపోతే కాయిల్ కనెక్టర్ దగ్గర మల్టీమీటర్‌తో వోల్టేజీ చూడాలి. ఇక్కడి నుంచి దారి రెండుగా చీలుతుంది.

కరెంటు అందుతున్నా పలక పట్టకపోతే లోపం క్లచ్‌లోనో, దాని ఎర్త్ వైరులోనో ఉంటుంది. సాధారణంగా కాయిల్ నిరోధం 3 నుంచి 5 ఓముల మధ్య ఉంటుంది. మీటరు అనంతం చూపిస్తే కాయిల్ తెగినట్టు. నిరోధం సరిగానే ఉంటే పలకకు, పుల్లీకి మధ్య ఉన్న సందును ఫీలర్ గేజ్‌తో కొలవాలి. చాలా కంప్రెసర్లలో ఇది 0.3 నుంచి 0.6 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. ఏళ్లు గడిచేకొద్దీ పలక అరిగి సందు పెరుగుతుంది. అప్పుడు కనిపించే లక్షణం విచిత్రంగా ఉంటుంది. పొద్దున ఏసీ బాగా పనిచేస్తుంది, కొంతసేపు నడిచాక చల్లదనం ఆగిపోతుంది, బండి చల్లారాక మళ్లీ వస్తుంది. వేడెక్కిన కాయిల్‌లో నిరోధం పెరిగి అయస్కాంత శక్తి తగ్గడం, పెరిగిన సందును ఆ శక్తి దాటలేకపోవడం దీనికి కారణం. పలక వెనుక ఉన్న పలుచని షిమ్ వాషర్లలో ఒకదాన్ని తీసేస్తే సందు తగ్గి క్లచ్ మళ్లీ పడుతుంది. వాషర్‌తో సరిపోయే ఈ పనికి కంప్రెసర్ మొత్తం మార్పించుకున్నవారు ఎందరో ఉంటారు. కాయిల్ పోయినా చాలా మోడళ్లలో క్లచ్ కిట్ విడిగా దొరుకుతుంది.

కరెంటే అందకపోతే కంప్రెసర్‌ను తప్పుపట్టడానికి ఏమీ లేదు. ఫ్యూజు, రిలే, ప్రెజర్ స్విచ్, కూలింగ్ కాయిల్ దగ్గరి థర్మిస్టర్ వరుసగా చూడాలి. గ్యాస్ బాగా తగ్గితే ప్రెజర్ స్విచ్ తానే క్లచ్‌కు కరెంటు ఆపేస్తుంది. కాయిల్ మీద మంచు పట్టకుండా థర్మిస్టర్ అప్పుడప్పుడూ ఆపుతుంది. ఇంజిన్ మరీ వేడెక్కితే కంప్యూటర్ కూడా ఏసీని కట్ చేస్తుంది. ప్రెజర్ స్విచ్‌ను వైరు ముక్కతో కలిపేసి క్లచ్ పట్టించడం కొన్నిచోట్ల కనిపించే అలవాటు. ఇది చాలా చెడ్డ అలవాటు. నూనె తిరిగి రాని స్థితిలో కంప్రెసర్‌ను బలవంతంగా తిప్పి చంపడమే అవుతుంది.

గేజ్‌లు చెప్పేది

నీలం, ఎరుపు మీటర్లున్న మానిఫోల్డ్ గేజ్ తగిలించకుండా కంప్రెసర్ గురించి ఎవరు ఏం చెప్పినా అది ఊహే. నీలం తక్కువ ఒత్తిడి వైపును, ఎరుపు ఎక్కువ ఒత్తిడి వైపును చూపిస్తాయి.

ఇంజిన్ ఆపి కొంతసేపు గడిచాక రెండు మీటర్లూ ఒకే అంకె దగ్గరికి వస్తాయి. ఆ అంకె బయటి వేడిని బట్టి ఉంటుంది. ఆర్-134ఏ గ్యాస్ విషయంలో అది 25 డిగ్రీల సెల్సియస్ వద్ద సుమారు 82 పీఎస్ఐ, 35 డిగ్రీల వద్ద 114, 40 డిగ్రీల వద్ద 133. ఇంతకన్నా బాగా తక్కువుంటే గ్యాస్ దాదాపు ఖాళీ అయినట్టు. అయితే అంకె సరిగ్గా ఉన్నంత మాత్రాన గ్యాస్ నిండుగా ఉందని అనుకోకూడదు. లోపల కొంచెం ద్రవం మిగిలున్నా నిలకడ ఒత్తిడి అంతే చూపిస్తుంది. ఎంత గ్యాస్ ఉందో తెలియాలంటే మొత్తం బయటికి తీసి తూకం వేయడం ఒక్కటే మార్గం. ఆ కారుకు ఎన్ని వందల గ్రాములు పట్టాలో బానెట్ కింద స్టిక్కర్ మీద రాసి ఉంటుంది.

ఇక ఇంజిన్ నడిపి చూస్తే, బయట 30 డిగ్రీల ప్రాంతంలో ఉన్నప్పుడు నీలం మీటరు దాదాపు 25 నుంచి 45 పీఎస్ఐ, ఎరుపు 150 నుంచి 250 పీఎస్ఐ మధ్య ఉండడం మామూలు. రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెల మధ్యాహ్నం చూస్తే ఎరుపు మీటరు 300కు చేరువైనా కంగారు పడనక్కర్లేదు. అంత వేడి గాలిలోకి వేడిని వదలాలంటే గ్యాస్ అంతకన్నా వేడిగా, అంటే ఎక్కువ ఒత్తిడితో ఉండక తప్పదు. చల్లని దేశాల పట్టికలు ముందు పెట్టుకుని మన వేసవిలో తీర్పు చెబితే బాగున్న బండికి కూడా రోగం అంటగడతాం.

రెండు మీటర్లూ తక్కువగా ఉంటే ముందు గ్యాస్ తగ్గిందని అనుమానించాలి. రెండూ ఎక్కువగా ఉంటే గ్యాస్ అతిగా నింపారు, లేదా గాలి చేరింది, లేదా కండెన్సర్ వేడిని వదలలేకపోతోంది. నీలం శూన్యం వైపు పడిపోతూ ఎరుపు కూడా పెరగకపోతే ఎక్స్‌పాన్షన్ వాల్వ్ దగ్గరో డ్రయర్ దగ్గరో దారి మూసుకుంది. ఇది వస్తూ పోతూ ఉంటే తేమ గడ్డకట్టి వాల్వ్‌ను మూస్తోందని అర్థం. కంప్రెసర్‌ను నిజంగా పట్టించేది మరో రకం జంట అంకెలు: నీలం ఉండాల్సినదానికన్నా ఎక్కువ, ఎరుపు ఉండాల్సినదానికన్నా తక్కువ. పీల్చుకోవడమూ నెట్టడమూ రెండూ బలహీనపడ్డాయన్నమాట. ఇంజిన్ వేగం పెంచినా అంకెలు పెద్దగా విడిపోకపోవడం, ఆపగానే రెండూ క్షణాల్లో కలిసిపోవడం లోపలి రీడ్ వాల్వులు విరిగాయనడానికి, పిస్టన్లు అరిగాయనడానికి గుర్తు. క్లచ్ లేని రకంలోనూ ఇవే అంకెలు కనిపించవచ్చు, కానీ అక్కడ కంట్రోల్ వాల్వ్ పాడైనా ఇలాగే ఉంటుంది. చాలా మోడళ్లలో దాన్ని విడిగా మార్చవచ్చు కాబట్టి స్కానర్‌తో దానికి అందుతున్న సంకేతాన్ని చూశాకే కంప్రెసర్ మీద చేయి వేయాలి.

సిగ్నల్ దగ్గర ఆగితే చల్లదనం తగ్గుతుంది, బండి కదిలితే మళ్లీ వస్తుంది అన్న ఫిర్యాదు చాలా తరచుగా వినిపిస్తుంది. చాలామంది వెంటనే కంప్రెసర్ బలహీనపడిందంటారు. కావచ్చు, ఇంజిన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు అరిగిన కంప్రెసర్ సరిపడా నొక్కలేదు. కానీ కండెన్సర్ ఫ్యాన్ తిరగకపోయినా ఇదే జరుగుతుంది. బండి పరుగెత్తేటప్పుడు ఎదురుగాలి ఆ లోటు తీరుస్తుంది, ఆగినప్పుడు తీర్చేవారుండరు. ఈ రెంటినీ విడదీసేది ఎరుపు మీటరు. ఆగి ఉన్నప్పుడు అది పైకి పోతుంటే ఫ్యాన్, కిందికి దిగి ఉంటే కంప్రెసర్. ఇంకో సులువైన పరీక్ష కూడా ఉంది. కండెన్సర్ మీద నీళ్లు చల్లితే ఎరుపు అంకె దిగి చల్లదనం వెంటనే మెరుగైతే కంప్రెసర్ నిర్దోషి. ఫ్యాన్ మోటారో, దుమ్ము పట్టిన కండెన్సరో చూడాలి.

రెండు అంకెలూ చక్కగా ఉండి క్యాబిన్ మాత్రం చల్లబడకపోతే లోపం గాలి దారిలో ఉంది. క్యాబిన్ ఫిల్టర్ మూసుకుపోవడమో, హీటర్ గాలిని కలిపే తలుపు తెరుచుకుని ఉండిపోవడమో కారణమై ఉంటుంది.

శబ్దాలు, బిగుసుకుపోవడం, లీకు

ఏసీ ఆపి ఉన్నా గరగర వస్తుంటే క్లచ్ ఉన్న రకంలో అది పుల్లీ బేరింగ్. అప్పుడు తిరిగేది పుల్లీ మాత్రమే. ఏసీ వేసినప్పుడే శబ్దం వస్తే లోపలి భాగాలను, బిగింపు బోల్టులను అనుమానించాలి. గ్యాస్, నూనె అతిగా నింపినా దడదడ శబ్దం రావచ్చు. కీచుమనే అరుపు, కాలిన వాసన ఉంటే క్లచ్ జారుతోంది లేదా కంప్రెసర్ బిగుసుకుంటోంది. ఇంజిన్ ఆపి, తాళం తీసేసి, ముందు పలకను చేత్తో తిప్పి చూడాలి. కొద్దిపాటి పట్టుతో నున్నగా తిరగాలి. కదలకపోతే బిగుసుకుపోయినట్టే. చాలా కార్లలో ఒకే బెల్టు ఆల్టర్నేటర్‌ను, కొన్నిటిలో వాటర్ పంపును కూడా తిప్పుతుంది. బిగుసుకున్న కంప్రెసర్ ఆ బెల్టును తెంపితే బండే రోడ్డు మీద ఆగిపోతుంది.

లీకును జిడ్డు పట్టిస్తుంది. గ్యాసుతో పాటు నూనె కూడా బయటికి వస్తుంది కాబట్టి జాయింట్ల దగ్గర, క్లచ్ వెనుక షాఫ్ట్ సీల్ దగ్గర దుమ్ముతో కలిసి తడి మరక కనిపిస్తుంది. ఖాళీ వ్యవస్థను నైట్రోజన్‌తో నింపి సబ్బు నురుగు పూయడం నమ్మకమైన పద్ధతి. చిన్న లీకులకు ఎలక్ట్రానిక్ డిటెక్టర్, అతినీలలోహిత కాంతిలో మెరిసే రంగు వాడతారు. లీకు వెతకకుండా ప్రతి వేసవిలో గ్యాస్ నింపుకుంటూ పోవడాన్ని రిపేరు అనలేం. ఆర్-134ఏ గ్యాస్ వాతావరణాన్ని వేడెక్కించడంలో బొగ్గుపులుసు వాయువుకన్నా 1,400 రెట్లకు పైగా శక్తి గలది. 2016 నాటి కిగాలీ సవరణ అనే అంతర్జాతీయ ఒప్పందాన్ని భారతదేశం 2021లో ఆమోదించి, ఇలాంటి గ్యాసుల వాడకాన్ని దశలవారీగా తగ్గించడానికి ఒప్పుకుంది. కొత్త కార్లు ఇప్పటికే చాలా దేశాల్లో ఆర్-1234వైఎఫ్‌కు మారాయి. అది కొద్దిగా మండే స్వభావం గలది. దాని గేజ్‌లు, యంత్రాలు వేరు, ఈ రెండు గ్యాసులను ఒకదానిలో ఇంకొకటి కలపకూడదు.

విద్యుత్ కంప్రెసర్లు

హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లలో కంప్రెసర్‌ను అధిక వోల్టేజీ మోటారు తిప్పుతుంది. 2003లో వచ్చిన రెండో తరం టొయోటా ప్రియస్‌తో ఇది పెద్ద ఎత్తున వాడకంలోకి వచ్చింది. బెల్టు, క్లచ్ ఉండవు, నారింజ రంగు కేబుళ్లు ఉంటాయి. వాటిలో ప్రాణాలు తీయగల వోల్టేజీ ఉంటుంది కనుక శిక్షణ లేనివారు ముట్టుకోకూడదు. ఇక్కడ నూనె కూడా ఇన్సులేషన్‌లో భాగమే. మామూలు కార్లలో వాడే పీఏజీ నూనె పొరపాటున కలిస్తే కరెంటు లీకై బండి కంప్యూటర్ వ్యవస్థనే ఆపేయవచ్చు. చాలా ఎలక్ట్రిక్ కార్లలో బ్యాటరీని చల్లబరిచేదీ ఇదే కాబట్టి ఇక్కడ ఏసీ లోపాన్ని వేసవి అసౌకర్యంగా మాత్రమే చూడకూడదు.

నిజంగా మార్చాల్సి వస్తే

లోపల విరిగిన కంప్రెసర్ లోహపు పొడిని, నల్లని బురదను వలయమంతా చిమ్ముతుంది. పైపులు కడగవచ్చు. ఇప్పటి కార్లలోని సన్నని గొట్టాల కండెన్సర్‌ను మాత్రం శుభ్రంగా కడగడం దాదాపు అసాధ్యం, మార్చాల్సిందే. డ్రయర్, ఓ-రింగులు, ఎక్స్‌పాన్షన్ వాల్వ్ కూడా కొత్తవి వేయాలి. కొత్త కంప్రెసర్‌లో వచ్చే నూనె తరచూ మొత్తం వ్యవస్థకు సరిపడేది. పాతదాని నుంచి ఎంత దిగిందో కొలిచి, తయారీదారు చెప్పిన లెక్క ప్రకారం హెచ్చుతగ్గులు సరిచేయాలి. తర్వాత కనీసం అరగంట వాక్యూమ్ పంపు నడిపి, ఆపి, ముల్లు కదలకుండా నిలుస్తుందో చూసి, గ్యాసును తూచి నింపాలి. కోస్తా తేమలో తెరిచి ఉంచిన వ్యవస్థకైతే ఈ అరగంట చాలదు.

ఈ సంగతులు ఇక కార్లకే పరిమితం కావు. 2025 అక్టోబర్ 1 నుంచి తయారయ్యే మధ్యతరహా, భారీ లారీల క్యాబిన్లకు దేశంలో ఏసీ తప్పనిసరి అయింది. బండి ఏదైనా, కంప్రెసర్ మార్చాలని ఎవరైనా అంటే డబ్బు చెల్లించే ముందు రెండు మీటర్ల అంకెలు, కాయిల్ దగ్గరి వోల్టేజీ కాగితం మీద రాసి ఇమ్మని అడగండి. పని పూర్తయ్యాక పాత కంప్రెసర్‌తో పాటు పాత డ్రయర్‌ను కూడా చూపించమనండి.