బొమ్మా బొరుసా వేసి చూసిన శాస్త్రం

చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో గ్రూప్స్‌కి చదివే పిల్లల చేతుల్లో ఏ సీజన్‌లోనైనా ఎకానమీ పుస్తకం ఉంటుంది. గ్రూప్-2లో ఒక పేపరంతా ఆర్థిక వ్యవస్థ, అభివృద్ధి మీదే మరి. వాళ్లలో చాలామందికి ఇంటర్ నుంచే కంఠతా వచ్చిన వరస ఒకటుంది: ఆడమ్ స్మిత్ సంపద నిర్వచనం, మార్షల్ శ్రేయస్సు నిర్వచనం, రాబిన్స్ కొరత నిర్వచనం. ఆ వెనకే పాత ప్రశ్న వస్తుంది: అర్థశాస్త్రం శాస్త్రమా, కళా? రెండూ అని రాస్తే మార్కులు పడతాయి. నాకు మాత్రం ఆ జవాబు ఎన్నడూ చాలలేదు. దాన్ని తేల్చడానికి జరిగిన పని ఎంతో మన చుట్టుపక్కలే జరిగిందని తెలిశాక అసలే చాలలేదు.

చిక్కు పేరులోనే ఉంది. మనకు వ్యాకరణమూ శాస్త్రమే, జ్యోతిషమూ శాస్త్రమే, శిల్పమూ శాస్త్రమే. పద్ధతి ప్రకారం నేర్చుకునేదల్లా శాస్త్రం. కౌటిల్యుడి అర్థశాస్త్రం ఆ లెక్కన శాస్త్రం. అందులో ఉన్నది ప్రధానంగా రాజ్యపాలన. మైసూరులో ఆర్.శామశాస్త్రికి దాని తాళపత్ర ప్రతి 1905లో చేతికందింది, 1909లో అచ్చయింది. ఆ మధ్యలోనే, 1906లో, కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు మొదలైనవారు హైదరాబాదులో విజ్ఞాన చంద్రికా మండలి పెట్టారు. రసాయన శాస్త్రాన్నీ జీవశాస్త్రాన్నీ తెలుగులో అచ్చు వేసిన ఆ మండలే కట్టమంచి రామలింగారెడ్డి అర్థశాస్త్ర గ్రంథాన్నీ వేసింది. మార్షల్ ఆచార్యుడిగా ఉన్న రోజుల్లోనే కేంబ్రిడ్జిలో చదివి వచ్చినవాడు రెడ్డి. ఆ మండలి దృష్టిలో తెలుగువాడికి తెలియాల్సిన విజ్ఞానంలో ధరా, కూలీ, పన్నూ కూడా భాగమే. ఎంత పెద్ద మనసు!

కానీ రసాయన శాస్త్రం పక్కన కూర్చున్నంత మాత్రాన దాని గట్టితనం రాదు కదా. అక్కడ పరీక్షనాళిక ఉంది. ఇక్కడ ఉన్నది ఒక షరతు: ‘ఇతర పరిస్థితులు స్థిరంగా ఉంటే’. డిమాండ్ సూత్రం దగ్గర్నుంచి క్షీణోపాంత ప్రయోజన సూత్రం దాకా అన్నిటికీ ఆ షరతే కాపలా. ఏ ఊళ్లో ఏ ఏడాది ఇతర పరిస్థితులు స్థిరంగా ఉన్నాయి?

ఆ షరతు చాటు నుంచి బయటికొచ్చి ఊళ్లు తిరగడం నిజాం కాలంలోనే మొదలైంది. ఎస్.కేశవ అయ్యంగార్ 1929-30లో హైదరాబాద్ రాజ్యపు గ్రామాల ఆర్థిక స్థితిని పరిశోధించి సంపుటాలు వెలువరించారు. 1949-51లో మళ్లీ గ్రామాల మీదికి వెళ్లారు. అది లెక్క రాసే దశ. ప్రయోగం ఇంకా రాలేదు.

ప్రయోగం పటాన్‌చెరు నుంచి వచ్చింది. అక్కడ 1972లో ఏర్పడ్డ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్, 1975 నుంచి కొన్ని మెట్ట గ్రామాల్లో మనుషుల్ని ఉంచి, అవే కుటుంబాల పంట, కూలి, అప్పు, తిండి లెక్కలు రాయించింది. వాటిలో హైదరాబాదుకు దక్షిణాన సుమారు 70 కిలోమీటర్ల దూరంలో, మాడ్గుల దగ్గర ఉన్న ఊరు ఒకటి. ప్రపంచమంతటా ఆర్థికవేత్తలు దాన్ని ‘ఔరేపల్లె’ అని పిలుస్తారు. మన పాలమూరు రైతు ఏమి తిన్నాడో, ఎంత అప్పు చేశాడో ఎకనమెట్రికా పత్రికకు ఎక్కింది. రాబర్ట్ టౌన్‌సెండ్ 1994లో ఆ లెక్కల మీద రాసిన వ్యాసం తేల్చిన సంగతి ఇది: ఒక ఇంట్లో పంట పోయినా ఆ ఇంటి తిండి అంతగా పడిపోదు, ఊరు ఎలాగోలా సర్దుతుంది. అయితే పరిశీలించిన మూడు ఊళ్లలో ఒకచోట, భూమిలేని వాళ్లకు ఆ సర్దుబాటు తక్కువగా అందింది.

ఇక్రిశాట్‌లోనే పనిచేసిన ఆర్థికవేత్త హాన్స్ బిన్స్‌వాంగర్ మరో అడుగు వేశాడు. చదువుకోని రైతు భయం వల్లే కొత్త విత్తనం వెయ్యడని అప్పట్లో గట్టి నమ్మకం. ఆయన ఆంధ్రప్రదేశ్, మహారాష్ట్ర గ్రామాల్లో నిజమైన డబ్బుతో ఆట పెట్టాడు. ఏది పడినా 50 రూపాయలు తీసుకుంటావా, లేక బొమ్మ పడితే సున్న, బొరుసు పడితే 200 అన్న పందేనికి దిగుతావా? మధ్యలో మరికొన్ని మెట్లు. కూలి చేసుకునేవాడికి అది చిన్న మొత్తం కాదు. 1980లో ఫలితం అచ్చయింది: మొత్తం పెరిగేకొద్దీ దాదాపు అందరూ మధ్యస్థంగా జాగ్రత్తపడ్డారు, ఆస్తి ఉన్నవాడికీ లేనివాడికీ పెద్ద తేడా లేదు. అంటే పేదవాడు వెనకాడుతున్నది స్వభావం వల్ల కాదు. అప్పు పుట్టకపోవడం వంటి బయటి అడ్డంకుల్ని చూడాలి. ఒక నమ్మకం నాణెం ముందు నిలబడి ఓడిపోయింది. నా మట్టుకు అర్థశాస్త్రం శాస్త్రమైన క్షణాల్లో ఇదొకటి.

తర్వాతి పరీక్ష ఈ నగరంలోనే జరిగింది. చిన్న అప్పులు పేదరికాన్ని పోగొడతాయని 2006లో ముహమ్మద్ యూనస్‌కు, గ్రామీణ బ్యాంకుకు నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. సరిగ్గా అదే కాలంలో ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో బృందం హైదరాబాదులో 104 బస్తీలు తీసుకుని, లాటరీ పద్ధతిన సగం బస్తీల్లో ముందుగా స్పందన సంస్థ అప్పులిచ్చేలా చూసింది. ఆడవాళ్ల గుంపులు, 10,000 రూపాయల తొలి అప్పు, వారం వారం వాయిదా. రెండు రకాల బస్తీల్ని పోల్చి చూశారు. అప్పటికే ఉన్న చిన్న వ్యాపారాలు కాస్త పెరిగాయి, ఇంట్లోకి మన్నికైన వస్తువులు వచ్చాయి, టీ, పొగాకు వంటి వాటి ఖర్చు తగ్గింది. కుటుంబపు మొత్తం ఖర్చులో, పిల్లల చదువులో, ఆడవాళ్ల మాట చెల్లుబాటులో చెప్పుకోదగ్గ మార్పు కనిపించలేదు. బంగారు మాట అనుకున్నది ఇత్తడిగా తేలినా దాచకుండా అచ్చు వేశారు.

అయినా సంగతి అక్కడితో తెగలేదు. 2010 అక్టోబరులో, వసూళ్ల వేధింపులు, ఆత్మహత్యల వార్తల మధ్య, అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఈ చిన్న అప్పుల సంస్థల మీద ఆర్డినెన్స్ తెచ్చింది. రాష్ట్రమంతటా వాయిదాలు కట్టడం దాదాపు ఆగిపోయింది. బస్తీల సగటు చెప్పిన లెక్కలో ఆ కుప్పకూలడం లేదు. ఒక్కొక్క ఇంటి మీద అప్పు ప్రభావం కొలవడం వేరు, అప్పు ఇచ్చేవాళ్లంతా ఒకే ఇంటి మీద పడితే ఏమవుతుందో చెప్పడం వేరు.

ప్రకృతి శాస్త్రానికీ అర్థశాస్త్రానికీ ఉన్న తేడా బేగంపేటలో నిజామియా వేధశాల ప్రాంగణానికి వెళితే కళ్లకు కడుతుంది. ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాల్లో అంతర్జాతీయ నక్షత్ర పట్టిక కోసం అక్కడ లక్షల నక్షత్రాల స్థానాలు కొలిచారు. 1980లో ఏర్పడ్డ సెస్, ఆర్థిక సామాజిక అధ్యయన కేంద్రం, ఆ ఆవరణలోనే పనిచేస్తోంది. నక్షత్రం తన గురించి రాసిన పట్టికను చదవదు. పత్తి ధర పెరుగుతుందని చెబితే మాత్రం రైతు వింటాడు, అందరూ పత్తే వేస్తారు, ధర పడిపోతుంది. భౌతిక శాస్త్రాన్ని అనుకరించబోయి తన రంగం తప్పుదారి పట్టిందని ఆర్థికవేత్త హాయెక్ 1974లో నోబెల్ బహుమతి అందుకున్న సందర్భపు ఉపన్యాసంలోనే అన్నాడు. ఆ మాటలో నిజముంది. కానీ దాని పేరు చెప్పి కొలవడం మానేస్తే మళ్లీ ‘పేదవాడికి భయమెక్కువ’ అనే దగ్గరికే వస్తాం.

నన్ను బాధించేది మరొకటి. అశోక్‌నగర్ కోచింగ్ గదిలో నాలుగు ఆప్షన్ల మధ్య ఒక్క సరైన జవాబు వెతికే పిల్లవాడికి రాబిన్స్ నిర్వచనం 1932 నాటిదని తెలుసు. ఎక్కడో లండన్‌లో పుట్టిన వాక్యం అది. ఆ పిల్లవాడిది మాడ్గుల వైపు ఊరే కావచ్చు. వాళ్ల తాత చేతిలో నాణెం పెట్టి అడిగిన ప్రశ్నే కావచ్చు ఆ శాస్త్రాన్ని ఒక మెట్టు ఎక్కించింది. ఆ సంగతి అతనికి తెలుగులో చెప్పే పాఠం కావాలి. రసాయన శాస్త్రం పక్కనే అర్థశాస్త్రం అచ్చు వేసిన మండలి పుట్టిన ఊరు ఇది.