మిషన్ పీక్ దాటి ఒక రాత్రి: ఎవరి మూట ఎవరు మోశారు?

ఫ్రీమాంట్‌లో ఉండే మనవాళ్ళలో మిషన్ పీక్ ఎక్కనివారు తక్కువ. 2,517 అడుగుల కొండ. ఇండియా నుంచి చుట్టాలొస్తే శనివారం పొద్దున్నే ఎక్కించి, పైనున్న స్తంభం దగ్గర ఫొటో తీయించి, భోజనాల వేళకు దింపేస్తాం. ఆ కొండ దాటి ఇంకో బాట ఉంది. ఒలోనీ విల్డర్‌నెస్ ట్రైల్ అంటారు. లివర్‌మోర్ దగ్గరి డెల్ వాలీ దాకా 28 మైళ్ళు. పర్మిట్ తీసుకుని, ముందుగా చోటు రిజర్వు చేసుకుంటే, దారిలో గుడారం వేసుకుని పడుకోవచ్చు.

కొన్నేళ్ళ క్రితం, హైదరాబాద్ నుంచి కొత్తగా వచ్చిన మా బావమరిదితో అలా బయల్దేరాను. వాడికిదే మొదటిసారి. సంచి తూస్తే 42 పౌన్లు! విప్పి చూద్దును కదా, గాజు సీసాలో ఆవకాయ, రెండు జీన్స్ ప్యాంట్లు, చిన్న ప్రెషర్ కుక్కర్. వీపు మీద బరువు ఒంటి బరువులో అయిదో వంతు దాటకూడదని అనుభవజ్ఞుల లెక్క. కుక్కర్ ఇంట్లోనే ఆగిపోయింది. ఆవకాయ ప్లాస్టిక్ డబ్బాలోకి మారింది.

అయినా సగం ఎక్కేసరికి ఆయాసం. ఒక రాయి మీద కూలబడి, "బావా, పూర్వం ఈ కొండల్లో సామాన్లు ఎవరు మోసేవాళ్ళు?" అన్నాడు. వేళాకోళానికి అడిగిందే కానీ, ఆ ప్రశ్న నన్ను వదల్లేదు.

మన ఊరి పేరే తీసుకోండి. 1956లో అయిదు చిన్న ఊళ్ళు కలిసి ఒక నగరమై, జాన్ చార్ల్స్ ఫ్రీమాంట్ పేరు పెట్టుకున్నాయి. ఈయన 1844 ఫిబ్రవరిలో, నిండు చలికాలంలో, సియెరా నెవాడా దాటాడు. మంచు లోతని స్థానికులు చెప్పినా ఆగలేదు. ఆయన నివేదిక ప్రకారం 67 గుర్రాలు, కంచరగాడిదలతో ఎక్కడం మొదలుపెడితే, శాక్రమెంటో లోయకు చేరినవి 33. దారిలో కొన్నిటిని కోసుకుని తిన్నారు కూడా. 1846లో ఆయన దళం శాక్రమెంటో నది ఒడ్డున స్థానికులను ఊచకోత కోసింది.

కొండ పేరు మిషన్ సాన్ హొసేది. 1797 జూన్ 11న స్పానిష్ పాద్రీలు స్థాపించారు. ఇటుకలు చేసిందీ, పొలం దున్నిందీ, పశువులు కాసిందీ ఒలోనీలూ చుట్టుపక్కల తెగలవాళ్ళూ. జబ్బులతో వేలమంది పోయారు. వాళ్ళ శ్మశానం వాషింగ్టన్ బులెవార్డ్ పక్కన ఇప్పటికీ ఉంది. ఆ మిషన్‌లోనే ఉన్న ఎస్తనిస్లావ్ అనే యోకుట్స్ నాయకుడు 1828లో తిరిగి రానని తూర్పు లోయలో ఉండిపోయాడు. మరుసటేడు ఫిరంగులతో సైన్యం వెళ్ళింది. స్టానిస్లాస్ నది పేరు అతనిదే.

ఇక బాట పేరు. ఒలోనీలు దాదాపు అంతరించినట్టేనని 1925లో మానవశాస్త్రవేత్త క్రోబర్ రాశారు. కానీ వాళ్ళ వారసులు ఇప్పటికీ ఈ బే ఏరియాలోనే ఉన్నారు. చొచెన్యో అనే తమ భాషను మళ్ళీ నేర్చుకుంటున్నారు.

మన చరిత్రా ఇందుకు మినహాయింపు కాదండీ. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరి, దారిలో నల్లమల దాటి శ్రీశైలం వెళ్ళారు. ఆ ప్రయాణం పల్లకీలో, పెద్ద పరివారంతో. కాశీయాత్ర చరిత్ర రాసిన ఆయన పేరు మనకు తెలుసు. ఆ పల్లకీ మోసిన బోయీల పేర్లు ఎంతమందికి తెలుసు?

ఆ రాత్రి సునోల్ పైన గుడారం వేశాం. మంట వేయకూడదు గనక చల్లారిన పులిహోరే భోజనం. చీకట్లో ఎక్కడో ఆవులు అరుస్తున్నాయి. ఇవన్నీ చెబుతుంటే మావాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "పల్లకీ వాళ్ళకి భుజాలు మార్చుకునే మనిషైనా ఉండేవాడేమోలే" అన్నాడు.

పొద్దున్న నేను లేచేసరికి ఊటనీళ్ళు తెచ్చి వడకడుతున్నాడు. చెత్త సంచి కూడా తన మూటకే కట్టుకున్నాడు. ఇవ్వమంటే ఇవ్వలేదు.

ఈసారి మిషన్ పీక్ ఎక్కి దిగాక, పిల్లల్ని వాషింగ్టన్ బులెవార్డ్ వైపు కూడా ఓసారి తీసుకెళ్ళండి. ఆ శ్మశానం దగ్గర ఓ నిమిషం ఆగండి. మళ్ళీ కలుద్దాం, సెలవు.