కోరంద పొద నుంచి ఘాట్ రోడ్డు దాకా: ముత్యంపేట గుట్టల ఉమ్మడి పచ్చదనం

జగిత్యాల జిల్లాలో ముత్యంపేట అంటే ‘ఏ ముత్యంపేట?’ అని ఎదురు ప్రశ్న వస్తుంది. మల్లాపూర్ మండలం ముత్యంపేటకు చక్కెర ఫ్యాక్టరీతో పేరు వచ్చింది. 2015లో మూతపడ్డ ఆ ఫ్యాక్టరీ గురించీ, దాన్ని నమ్ముకున్న చెరకు రైతుల గురించీ వేరే వ్యాసమే రాయాలి. ఇక్కడ మాట్లాడుతున్నది మల్యాల మండలం ముత్యంపేట గురించి. కరీంనగర్ నుంచి జగిత్యాల పోయే దారిలో, కొండగట్టు కింద ఉన్న ఊరు ఇది. రికార్డుల్లో ఆంజనేయస్వామి గుడి చిరునామా ముత్యంపేటే. బస్సు దిగేవాళ్ళు మాత్రం కొండగట్టు అనే అంటారు. గుట్ట పేరు ఊరి పేరును మింగేసిన చోట, ఆ గుట్టను గుడి మింగేస్తున్నదా అన్న అనుమానమే ఈ పరిశీలనకు మొదలు.

ఈ ప్రాంతాన్ని పైనుంచి చూస్తే పచ్చదనానికి కొరత లేదనిపిస్తుంది. 1963లో పోచంపాడు దగ్గర పునాదిరాయి పడ్డ శ్రీరాంసాగర్ నుంచి 284 కిలోమీటర్ల కాకతీయ కాలువ బయలుదేరి ఈ జిల్లా మీదుగా దిగువ మానేరు దాటి పోతుంది. ఆ నీళ్ళతో మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల మాగాణుల రంగు మారింది. వరి, పసుపు, వాటి నడుమ మామిడి తోటలు. జగిత్యాల పక్కన చల్‌గల్ మార్కెట్ నుంచి లారీల్లో ఉత్తరాదికి పోయే కాయంతా ఈ తోటలదే. కానీ ఈ పచ్చదనానికి పట్టాదారుడున్నాడు. తోటకు ముళ్ళకంచె ఉంది, కాపలా ఉంది. పరాయివాడు అందులో నీడకు కూర్చుంటే ‘ఎవరు నువ్వు?’ అని అడుగుతారు. కనుక కంటికి కనిపించే పచ్చదనం వేరు, కాలు పెట్టగలిగే పచ్చదనం వేరు. నగరాల చుట్టూ హరిత ప్రదేశాలను లెక్కగట్టే అధ్యయనాలు చాలామటుకు మొదటిదాన్ని కొలుస్తాయి. నేను రెండోదాని గురించి అడుగుతున్నాను. జగిత్యాలలోనో కోరుట్లలోనో సిరిసిల్లలోనో ఇరుకు ఇంట్లో ఉండే మనిషి, ఎవరి అనుమతీ అడగకుండా చెట్టు కింద కూర్చోవాలంటే ఎక్కడికి పోవాలి?

పాత రెవెన్యూ భాషలో ఇటువంటి చోట్లకు పేర్లున్నాయి. పశువులు మేసే ఉమ్మడి నేల బంచరాయి. చెరువు నిండితే మునిగి, నీళ్ళు తీస్తే తేలే నేల శిఖం. ఊరందరి వాడకానికి వదిలింది గైరాను. మండల ఆఫీసు గడప దాటి ఈ మాటలు ఇప్పుడు బయట వినపడవు. మాటలు పోవడానికి ముందే నేలలు పోయాయి. కొంత పంపకాల్లో పోయింది, కొంత కబ్జాల్లో పోయింది. నాగలి దిగని రాతిగుట్టలు మాత్రం మిగిలాయి. అవైనా అన్నీ మిగలలేదు. ‘టాన్ బ్రౌన్’ పేరుతో విదేశాలకు పోయే కరీంనగర్ గ్రానైటు ఇటువంటి గుట్టల్ని కోసి తీసిందే. గుట్ట కోతకు పనికొచ్చే రాయి అని తేలిన రోజు నుంచి, దానిమీద దేవుడు ఉన్నాడా లేడా అన్నదే దాని ఆయుష్షును నిర్ణయిస్తున్నది. ఈ మాట కొంచెం మోటుగా అనిపించవచ్చు. కరీంనగర్, జగిత్యాల దారిలో ప్రయాణించి, సగానికి తెగిన గుట్టల్ని చూసినవాళ్ళకు అనిపించదు.

కొండగట్టు మిగిలింది దేవుడి వల్లే. అయితే ఆ దేవుడు దొరికిన కథను భక్తి కథగా మాత్రమే చదువుతూ వచ్చాం. దాన్ని భూమి రికార్డుగా చదవాలని నా మనవి. జనం చెప్పే ప్రకారం, కొన్ని వందల ఏళ్ళ కింద కొడిమ్యాల వైపు నుంచి సింగం సంజీవుడు అనే పశువుల కాపరి ఈ గుట్టల్లో మందను మేపేవాడు. ఒకనాడు పశువు తప్పిపోయింది. వెతికి వెతికి అలసి చెట్టు కింద కునుకు తీస్తే స్వామి కలలోకి వచ్చాడు. తాను కోరంద పొదలో ఉన్నాననీ, ఎండా వానా ముళ్ళూ తగలకుండా కాపాడమనీ కోరాడు. పశువు జాడ కూడా చెప్పాడు. లేచి పొద తొలగిస్తే విగ్రహం కనిపించింది.

ఈ కథలో రాజు లేడు, శాసనం లేదు, దానపత్రం లేదు. ఉన్నవి మంద, చెట్టు నీడ, ముళ్ళపొద. అంటే గుట్ట అప్పటికే మేతనేల. ఎవరైనా పశువుల్ని తోలుకొని రాగలిగిన చోటు. గుడి వచ్చి అడవిని కాపాడిందనడం సగం నిజమే. గుడికంటే ముందు అక్కడ ఒక ఉమ్మడి హక్కు ఉంది, ఆ హక్కు వాడకంలో ఉండబట్టే గుడి పుట్టింది. ఇంకో ఐతిహ్యం ప్రకారం ఆంజనేయుడు సంజీవని పర్వతాన్ని మోసుకుపోతుంటే ముత్యంపేట దగ్గర ఒక ముక్క విరిగిపడింది, అదే ఈ గట్టు. మందుమొక్కలున్న గుట్ట అన్న ఎరుక లేనిచోట ఈ కథ అతకదు. ఒక కథ మేతను గుర్తుపెట్టుకుంది, ఇంకొకటి మందును. ఇప్పటి గుడిని నూట అరవై ఏళ్ళ కింద కృష్ణారావు దేశ్‌ముఖ్ కట్టించాడని స్థలచరిత్ర చెబుతుంది. దొర ప్రస్తావన వచ్చేది ఆ దశలోనే.

రాయి సంగతి. కరీంనగర్ ప్రాంతపు గ్రానైట్లు, నైసులు సుమారు 250 కోట్ల ఏళ్ళనాటివి. ఎండకు విచ్చుకొని, వానకు అరిగి, ఒకదానిమీద ఒకటి నిలబడ్డ గుండ్లు, వాటి నడుమ సందులు, గుహలు. బొజ్జపోతన గుహలు, కొండలరాయుని కోట అని యాత్రికులకు చూపించేవి ఈ రాళ్ళ నడుమే ఉన్నాయి. సీతమ్మ కన్నీటి గుంటలని చూపించే చోట్లున్నాయి. గ్రానైటు పైపొరలో నీళ్ళు నిలిచి నిలిచి ఇటువంటి గుంటలు తొలుచుకోవడం భూగర్భ శాస్త్రానికి తెలిసిన సంగతే. రెండు వివరణలకూ నీళ్ళే ఆధారం.

చెట్ల విషయానికొస్తే ఇది ఆకురాల్చే ఎండు అడవి. టేకు, నల్లమద్ది, మోదుగ, తునికి, ఇప్ప, మొర్రి, సీతాఫలం. వానాకాలంలో చూసినవాడు ఎండాకాలంలో గుర్తుపట్టలేడు. అధికారులు ‘పలచబడ్డ అడవి’ అని రాసే చోట చాలాసార్లు కనిపించేది నిజానికి ఫిబ్రవరి నుంచి మే దాకా ఆకు లేకుండా ఓపిక పట్టిన అడవి.

ఈ అడవి పట్టణపు ఇళ్ళలోకి ఎలా వస్తుందో తునికాకు చెబుతుంది. ఎండాకాలం మొదట్లో పొదల్ని కొట్టేస్తే ఏప్రిల్, మే నెలల్లో లేత ఆకు వస్తుంది. తెంపి యాభై ఆకుల కట్టలు కట్టి కల్లంలో ఆరబెడతారు. కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల వాడల్లో చాట ఒడిలో పెట్టుకొని, కత్తెరతో ఆకు కోసి, తంబాకు పోసి, దారం చుట్టి బీడీలు చేసే ఆడవాళ్ళు ఎందరో. వాళ్ళలో అడవి గడప తొక్కనివాళ్ళు ఉండొచ్చు, అడవి ఆకు ముట్టనిరోజు మాత్రం ఉండదు. పార్కుల లెక్కల్లో ఈ సంబంధం ఏ గడిలోనూ పట్టదు.

బతుకమ్మదీ అదే వరుస. తంగేడు 2014లో రాష్ట్రపుష్పమైంది. అంతకుముందూ ఆ తర్వాతా అది పెరిగేది గుట్టల వాలుల్లో, బీళ్ళలో, ఎవరూ దున్నని గట్లమీద. గునుగూ అంతే. పొద్దున్నే సంచి పట్టుకొని పువ్వుకు పోయే పిల్లలు ఏటేటా ఇంకొంచెం దూరం పోవలసి రావడం ఉమ్మడి నేల తరుగుదలకు నాకు తెలిసినంతలో అన్నిటికంటే నమ్మకమైన కొలత. పేర్చిన బతుకమ్మ మళ్ళీ చెరువుకే చేరుతుంది, సిరిసిల్లలో మానేరుకు. పువ్వు గుట్టది, నిమజ్జనం శిఖానిది. ఇక వానలు తగ్గాక కుటుంబాలకు కుటుంబాలు గిన్నెలు, బియ్యం మోసుకొని చెట్లకిందికి పోయి వండుకు తినడాన్ని మా వైపు చెట్లతీర్థం అంటారు. పుస్తకాల్లోని వనభోజనానికి ఇది ఇంట్లో పిలిచే పేరు. తీర్థం అన్న మాట నదికీ గుడికీ మాత్రమే పరిమితం కాకుండా చెట్టుకు కూడా దక్కింది ఇక్కడే.

ఇప్పుడు గుట్టమీది జనం సంగతి. కొండగట్టులో రద్దీ ఏడాదంతా ఒకేలా ఉండదు. చైత్ర పౌర్ణమికి చిన్న జయంతి, వైశాఖ బహుళ దశమికి పెద్ద జయంతి. దీక్ష తీసుకున్న స్వాములు ఊళ్ళ నుంచి కాలినడకన వస్తారు. కాషాయం కట్టిన వరుసలు రాత్రిపూట రోడ్లవెంట సాగుతుంటాయి. క్యాలెండరు చూడండి. అడవికి ఆకు లేని రోజులు, రాలిన ఆకు అగ్గికి సిద్ధంగా ఉన్న రోజులు, కుంటలు అడుగంటిన రోజులు, తునికాకు తెంపే రోజులు, అన్నీ ఇవే. గుట్ట అత్యంత బలహీనంగా ఉన్నప్పుడు దానిమీద అత్యంత బరువు పడుతుంది. ఇందులో భక్తుల తప్పేం లేదు. కానీ అభివృద్ధి ప్రణాళికల చర్చలో ఈ రెండు క్యాలెండర్లనూ పక్కపక్కన పెట్టి చూసిన దాఖలా నా కంట పడలేదు.

2022 డిసెంబరు 7న జగిత్యాల సభలో అప్పటి ముఖ్యమంత్రి కొండగట్టుకు 100 కోట్లు ప్రకటించారు. 2023 ఫిబ్రవరిలో స్వయంగా గుట్టకు వచ్చి మరింత పెంచారు. యాదాద్రి గుడి నమూనా అందరి నోటా నలిగింది. అదే నెలలో ఒక రాజ్యసభ సభ్యుడు వెయ్యి ఎకరాల పైచిలుకు రిజర్వు అడవిని దత్తత తీసుకుంటున్నట్టు చెప్పారు. దత్తత అన్న మాట దగ్గర కాసేపు ఆగాలి. దత్తత ఇచ్చేది తల్లిదండ్రులు లేని బిడ్డను, లేదా ఉన్నవాళ్ళు ఒప్పుకొని ఇచ్చిన బిడ్డను. ఈ అడవికి మేపేవాళ్ళు, ఏరేవాళ్ళు, మొక్కేవాళ్ళు ఉన్నారు. వాళ్ళను అడిగారా?

గుట్ట వాలు ఎంత తెంచుకుపోగలదో 2018 సెప్టెంబరు 11న ఈ ఘాట్ రోడ్డుమీదే తెలిసింది. బస్సు లోయలో పడి అరవై మందికి పైగా చనిపోయారు. ఎక్కువమంది చుట్టుపక్కల పల్లెలవాళ్ళు, పొద్దున పనిమీద బయలుదేరినవాళ్ళు. ఆ తర్వాత మాటలన్నీ రోడ్డు వెడల్పు చుట్టూ తిరిగాయి. ఎంత బరువును ఆ వాలు మోయగలదన్న ప్రశ్న వెనకబడింది.

2015లో మొదలైన హరితహారం రాష్ట్ర పచ్చదనాన్ని 24 నుంచి 33 శాతానికి తేవాలనుకుంది. దాని కొనసాగింపుగా ఊరూరా పల్లె ప్రకృతి వనాలు వచ్చాయి. గేటు, బోర్డు, నడకబాట, వరుసల్లో మొక్కలు. వాటిని తీసిపారేయను. సాయంత్రం ముసలివాళ్ళు కూర్చోవడానికి చోటు దొరికింది. అయితే వాటిలో మేక మేయకూడదు, పొయ్యి రాజేయకూడదు, పువ్వు తెంపకూడదు. బంచరాయి ఇచ్చినవాటిలో చూపు తప్ప మిగతావన్నీ నిషేధం. గుట్టల్లో తిండి తగ్గిన కోతులు ఊళ్ళమీద పడుతుంటే, వాటికోసం అడవుల్లో పండ్ల చెట్లు నాటి ‘మంకీ ఫుడ్ కోర్టు’ అని పేరు పెట్టారు. మొర్రి, తునికి, ఇప్ప పండ్లతో ఒకప్పటి గుట్ట ఏ పేరూ లేకుండా చేసిన పనే అది.

ముత్యంపేట వైపు నుంచి పైకి చూస్తే గుడి గోపురం, దానికింద కాటేజీలు, దుకాణాల రేకులు, ఇంకా కిందికి గుండ్ల నడుమ ముళ్ళపొదలు కనిపిస్తాయి. కోరంద పొదల మధ్య ఒకరిద్దరు ఇప్పటికీ మేకల్ని మేపుతుంటారు. రిజర్వు అడవి హద్దురాయి ఎక్కడుందో వాళ్ళకు బాగా తెలుసు. మేకలకే తెలియదు.