లేదనుటయు, కనబడలేదనుటయు

కాట్రేనికోనలో గాని, ఆ చుట్టుపట్ల కొబ్బరితోటల నడుమనున్న మరే పల్లెలో గాని, ఆరోగ్య పరీక్షకు వెళ్లివచ్చిన యిల్లాలిని ఇరుగుపొరుగువా రడుగు మొదటి ప్రశ్న “ఏమి తేలినదమ్మా?” అని. “ఏమియు లేదన్నారు” అని ఆమె బదులు చెప్పును. ఇంటిల్లిపాదికిని మనసు కుదుటపడును. చాలమంది విషయమున ఆ మాట నిజమే. కాని కొందరి విషయమున ఆ మాట చాటుననే రొమ్ము కాన్సరు పెరుగుచుండును. “లేదు” అనుటకును “కనబడలేదు” అనుటకును గల భేదము వైద్యశాస్త్రమునకు తెలిసివచ్చిన చరిత్ర వినదగినది.

1913 లో బెర్లిను నగరమున ఆల్బర్టు సాలొమన్ అను శస్త్రవైద్యుడు, శస్త్రచికిత్సలో తొలగించిన సుమారు 3,000 రొమ్ములను ఎక్స్‌రే తీసి, కాన్సరు జాడలు ఫిల్ముపై కానవచ్చునని చూపెను. 1960 లో అమెరికా వైద్యుడు రాబర్టు ఈగన్ ఆ పద్ధతిని మెరుగుపరచి ప్రకటించెను. 1963 లో న్యూయార్కున సుమారు 62 వేలమంది స్త్రీలతో పెద్ద పరిశోధన ఆరంభమయ్యెను. ఏ బాధయు లేనివారిని పిలిచి పరీక్షించినచో ఈ వ్యాధివలని మరణములు తగ్గునని అందు తేలెను. మామోగ్రాము అనబడు ఈ పరీక్ష పిమ్మట పలుదేశములకు వ్యాపించెను.

ఐతే ఆ ఫిల్మునకు ఒక లోపము పుట్టుకతోనే కలదు. కొవ్వు అందు నల్లగా పడును; పాలగ్రంథులును నారలును తెల్లగా పడును; కాన్సరు గడ్డయు తెల్లగానే పడును. కొబ్బరికోరులో పడిన మల్లెమొగ్గను వెదకుట ఎంత కష్టమో, దట్టమైన రొమ్ములో గడ్డను వెదకుట అంత కష్టము. పడుచువయసున ఈ దట్టదన మధికము. మరి కొన్ని కాన్సర్లు గడ్డగా కూడక చీమలబారువలె సాగును. అవియు ఫిల్మునకు సులభముగా చిక్కవు. 1976 లో అమెరికాలో జాన్ వుల్ఫ్ అను వైద్యుడు ఫిల్మున కానవచ్చు దట్టదనమును తరగతులుగా విభజించి, దానికిని ఈ వ్యాధికిని గల సంబంధమును వెల్లడించెను. వైద్యు లెరిగిన ఈ సంగతి పరీక్ష చేయించుకొన్న స్త్రీల చెవిని మాత్రము చాలకాలము పడలేదు.

దానిని వారి చెవిని వేసినది ఒక రోగియే. అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రమున నాన్సీ కాపెల్లో అను విద్యావేత్త ఏటేటా మామోగ్రాము తీయించుకొనుచుండెను. “అంతయు సరిగానే యున్నది” అన్న ఫలితము చేతికందిన కొద్ది వారములకే ఆమె వైద్యురాలి చేతికి రొమ్మున ఏదో గట్టిగా తగిలెను. 2004 ఫిబ్రవరిలో కాన్సరని నిర్ధారణ అయ్యెను. అప్పటికే అది 13 లసికా గ్రంథులకు ప్రాకియుండెను. “నాకు ముందే యేల చెప్పలేదు?” అన్నదే ఆమె ప్రశ్న. చికిత్స పొందుచునే ఆమె పోరాడెను. రొమ్ము దట్టదనమును స్త్రీకి తెలుపవలెనను శాసనము 2009 లో ఆ రాష్ట్రమున వెలువడెను. ఆమె 2018 లో మరణించెను. 2024 సెప్టెంబరునుండి ఆ నియమము అమెరికా అంతటను అమలులోనికి వచ్చెను.

మన పల్లెలకు వచ్చునది పెక్కుసారులు యంత్రము కాదు, చేయి. 2016 లో కేంద్రప్రభుత్వము ప్రకటించిన పద్ధతి ననుసరించి 30 ఏండ్లు నిండిన స్త్రీలకు శిక్షణ పొందినవారు అయిదేండ్లకొకసారి రొమ్ములను తడిమి పరీక్షింపవలెను. ఇట్టి పరీక్షనే 1998 నుండి ముంబయిలో సుమారు లక్షన్నరమంది స్త్రీలు పాల్గొన్న పరిశోధనలో పరిశీలించిరి. 2021 లో ఫలితములు వెలువడెను. 50 ఏండ్లు దాటినవారిలో మరణములు నూటికి సుమారు 30 వంతున తగ్గెను. అంతకు చిన్నవారిలో ఆ మేలు స్పష్టముగా కానరాలేదు. చేతికిని ఫిల్మునకువలెనే హద్దు కలదన్నమాట. అయిదేండ్ల నడిమి కాలమున ఏమి జరుగునో కనిపెట్టవలసినది ఆ స్త్రీయే.

ఆలస్యముగా బయటపడినంతమాత్రమున అంతయు ముగిసినట్లు కాదు. భీమవరమున 1895 లో జన్మించి రాజమహేంద్రవరమున చదివిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వమున అమెరికాలో రూపొందిన మందులలో మెథోట్రెక్సేటు ఒకటి. ఆయన 1948 లో గతించిరి. 1951 లో జేన్ రైట్ అను వైద్యురాలు ఆ మందు రొమ్ము కాన్సరుపై పనిచేయునని చూపెను. 1976 లో ఇటలీ వైద్యుడు బొనడొన్నా, శస్త్రచికిత్సానంతరము దానిని మరి రెండు మందులతో కలిపి యిచ్చి, గ్రంథులకు ప్రాకినవారిలో సయితము వ్యాధి తిరుగబెట్టుట తగ్గునని నిరూపించెను. పిమ్మట మేలైన మందు లెన్నియో వచ్చినను, ఆ బాటలో తొలి అడుగులలో మన గోదావరి బిడ్డ అడుగు నొకటి కలదు.

పరీక్షలు వలదని దీని భావము కాదు, తప్పక చేయించుకొనవలెను. కాని నొప్పిలేని గడ్డ, చర్మమున సొట్ట, లోనికి పోయిన చనుమొన, దానినుండి నెత్తురు, చంకలో బిళ్ల, వీనిలో ఏది కానవచ్చినను, నిన్ననే పరీక్ష బాగుగ నున్నదని చెప్పియుండినను, నేడు మరల వైద్యుని కడకు పోవలెను. అల్ట్రాసౌండు, సూదిపరీక్ష అవసరమా యని అడుగవలెను. “మొన్ననేగదా ఏమియు లేదన్నారు” అని ఇంటివారు ఆమెను ఆపరాదు. వారు మొన్న చెప్పినది “కనబడలేదు” అనియే.