రీమిక్సు: కూర్పును, కాపీరైటును

ఒక పాట యొక్క ధ్వనిముద్రణమును విడదీసి, అందలి గాత్రమునో స్వరఖండమునో గ్రహించి, నూతన తాళవాద్యములతో వేరొక లయయందు తిరిగి కూర్చిన రూపమునకు రీమిక్సు అని వ్యవహారము. 1970 ప్రాంతమున జమైకాలో కింగ్ టబ్బీ మొదలగువారు గాత్రమును తగ్గించి, తాళవాద్యధ్వనిని పెంచి ముద్రించిన పాటలు దీనికి తొలి నమూనాలలోనివి. తెలుగు చిత్రములలో 1982 నాటి ‘దేవత’లో వేటూరి రచించి చక్రవర్తి స్వరపరచిన గోదారమ్మ పాట 2019లో ‘గద్దలకొండ గణేశ్’నందు మరల వినవచ్చుట అందరెరిగినదే.

ఈ రీమిక్సు పనికి ఒక ఊరిని ఉదాహరణముగ గైకొందము: పెద్దపల్లి జిల్లా రామగిరి మండలమున సింగరేణి కార్మికుల నివాసముగా వెలసిన సెంటినరీ కాలనీ, 1889లో ఇల్లెందు ప్రాంతమున మొదలైన బొగ్గు త్రవ్వకము నూరేండ్లు నిండిన జ్ఞాపకమును పేరుననే నిలుపుకొన్నది. నిమజ్జనమునకును, పెండ్లి బరాతునకును డీజే బాక్సులు లేనిదే వేడుక వేడుకయే కాదనెడి ఈ బొగ్గుబెల్టులో, పాత ల్యాప్‌టాపు చేతనున్న యువకుడు ఆడాసిటీ వంటి ఉచిత సాధనముతో పని నారంభించుచు, ఇంట వినిపించు బతుకమ్మపాటనే తొలుత పట్టుకొనుట సహజము.

పట్టుకొన్న తరువాతనే కష్టము తెలియవచ్చును. యంత్రపు దెబ్బ నిమిషమునకు నూటముప్పది చొప్పున తప్పక పడుచుండగా, పూల చుట్టు తిరుగుచు పాడు స్త్రీల లయ అడుగు పడిన కొలది సాగుచు, ఊపిరి తీసికొను చోట నిలుచుచు, మరల అందుకొనుచుండును. కావున పాట మొత్తమును ఒక్కమారు వేగపరచినచో మొదటి చరణమున కుదిరిన తాళము మూడవ చరణమునకు తప్పిపోవును. పంక్తి పంక్తిని వేరుగా కోసి దెబ్బమీద నిలుపుటయే దీనికి మార్గము. శ్రుతి మారకుండ కాలమును సాగదీయు సౌకర్యము సాఫ్టువేరునందు కలదు గాని, మితిమీరి సాగదీసిన గొంతు నీట మునిగి పలికినట్లుండును. అన్నిటికంటె చిక్కు చప్పట్లది: గాత్రముతో కలిసియే ముద్రితమైన చప్పట్లు క్రొత్త డప్పుదెబ్బకు వెంట్రుకవాసి ముందో వెనుకో పడి, ప్రతి దెబ్బను రెండుగా వినిపించును. గాత్రమును వేరుచేయు నేటి కృత్రిమమేధ సాధనములు సయితము ఈ చప్పట్లను పూర్తిగా తొలగింపలేక, హల్లుల అంచులను కొరికివేయుట కద్దు.

కూర్పు ఇట్లుండగా, హక్కుల విషయము వేరు. 1957 నాటి భారత కాపీరైటు చట్టము దృష్టిలో పాట యొకటి కాదు: సాహిత్యము, స్వరరచన, ధ్వనిముద్రణము అను మూడు ఆస్తులు అందు పెనవేసికొని యున్నవి, రీమిక్సు మూడింటిని తాకును. మొదటి రెండును కర్త మరణానంతరము 60 ఏండ్లును, ముద్రణము వెలువడిన పిమ్మట 60 ఏండ్లును రక్షితములు. 1963లో వెలువడిన ‘లవకుశ’ పాటల ముద్రణమునకు గడువు 2023తో తీరినను, 1974లో దివంగతుడైన ఘంటసాల స్వరరచనకు 2034 చివరివరకు రక్షణ కలదు. పాత రికార్డు గదా యని చేయివేయువారు గమనింపని సూక్ష్మమిదియే. 2012 సవరణ వలన వచ్చిన కవరు పాటల అనుమతియు ఇచట అక్కరకు రాదు. ఏలయన అది అయిదేండ్లు గడిచిన పాటను రుసుము చెల్లించి తిరిగి పాడించుకొనుటకే గాని, మూల ముద్రణమును వాడుకొనుటకు గాని, సాంకేతికముగా తప్పనిసరి కాని మార్పులు చేయుటకు గాని ఉద్దేశింపబడినది కాదు.

“బరాతులో వేసిన తప్పు లేదట” యను మాట డీజేల నోట విననగును. మతకర్మలయందును, పెండ్లి ఊరేగింపునందును పాటను వినిపించుటకు చట్టము మినహాయింపు నిచ్చిన మాట నిజమే; కాని వినిపించుటకు ఇచ్చిన సెలవు, కోసి కూర్చి యూట్యూబున పెట్టుటకు వర్తింపదు. శ్రుతిని అరమెట్టు పెంచి, పాటలను గుర్తించు యూట్యూబు యంత్రము కన్నుగప్పువారు కలరు. ఆ ఉపాయము గుర్తింపును తప్పింపవచ్చును గాని హక్కును మార్చజాలదు.

జానపదమున కర్త తెలియడు గనుక భయము లేదందురు. కాని 2021లో ‘లవ్ స్టోరీ’ చిత్రమున సుద్దాల అశోక్‌తేజ పేర మంగ్లీ పాడిన ‘సారంగదరియా’ వెలువడినప్పుడు, ఆ జానపదగీతమును అంతకుముందే టెలివిజన్ వేదికపై పాడిన గాయని, దానిని వెలికితెచ్చినది తానేయని ఆక్షేపింపగా పెద్ద చర్చ చెలరేగెను. ఇట్టి తగవులకు చట్టము సగము సమాధానమే చెప్పగలదు. మూలగీతము జనులందరిది, సేకరించినవారి శ్రమకు మన చట్టమున దొరకు చోటు మిక్కిలి ఇరుకు, అది న్యాయమని ఈ వ్యాసకర్త భావింపడు. అయితే పాడిన గొంతు మాత్రము పాడినవారిదే: ప్రదర్శకుల హక్కు 50 ఏండ్లుండును, తన పేరు చెప్పవలెనని కోరు అధికారమును అందులో చేరియున్నది. కాబట్టి కాలనీలోని పెద్దమ్మ చేత పాడించుకొని ఫోనులో ముద్రించుకొన్న యువకుడు సయితము, ఆమె సమ్మతిని ఒక కాగితముమీద వ్రాయించుకొని, వీడియో క్రింద ఆమె పేరు వేయవలసియుండును.